కళ్లంలో కత్తియుద్ధం

పర్చూరులో కత్తియుద్ధాల గురించి తెలిసినవాడు ఎవడయ్యా అంటే చైతన్యకృష్ణ. ఈ మాట ఊరన్నది కాదు, చైతన్యకృష్ణే అన్నాడు. పదేళ్ళపాటు రోజూ అంటూ ఉంటే కాదనడానికి ఓపిక లేక ఊరు కూడా ఒప్పుకుంది.

బస్టాండు వెనక వీధిలో అతనికి ‘బిందు వీడియోస్’ అని ఒక కొట్టుండేది. బిందుమాధవి అతని భార్య. కొట్టుకి తన పేరు పెట్టినందుకు ఆవిడ పెళ్ళైన కొత్తలో తెగ మురిసిపోయింది గానీ, మనిషి ఇంట్లో కంటే ఆ కొట్టులోనే ఎక్కువగా ఉంటాడని తెలిశాక ఆ బోర్డు కనిపిస్తే తల తిప్పుకునేది. క్యాసెట్లు అద్దెకివ్వడం, పెళ్ళిళ్ళకి వీడియో తియ్యడం అతని బతుకుతెరువు. కత్తియుద్ధాలు అతని విద్య. పాత జానపద సినిమాల్లో పోరాటాలొచ్చే చోట బొమ్మ నిలువునా గీతలు పడి వణికిపోతూ ఉండేది. అది అద్దెకి పట్టుకెళ్ళినవాళ్ళ పాపం కాదు. వెనక్కి తిప్పి, ముందుకి తిప్పి, ఆపి, మళ్ళీ తిప్పి టేపుని అరగదీసింది అతనే.

క్యాసెట్ ఇచ్చేసి పోదామని వచ్చినవాడు అంత తేలిగ్గా బయటపడలేకపోయేవాడు.

“ఏం చూశావురా? కథ చూశావు, పాటలు చూశావు. మెట్ల మీద ఫైటు చూశావా? హీరో కింది మెట్టు మీదున్నాడు, విలను పైమెట్టు మీదున్నాడు. ఎందుకు?”

“ఎందుకేముందన్నా? మెట్లున్నయ్ కాబట్టి.”

“అదీ! అందుకే మీరింకా పత్తి తూకాల దగ్గరే ఉన్నారు.”

గొప్ప కత్తియుద్ధానికి మెట్లు ఉండి తీరాలని అతని సిద్ధాంతం. పైన వేలాడే దీపాల గుత్తి ఒకటి ఉండాలి, దాన్ని పట్టుకుని హీరో ఊగాలి. ఒక్కసారన్నా హీరో చేతిలోంచి కత్తి జారిపోవాలి, కాలి బొటనవేలితో దాన్ని ఎగరేసి పట్టుకోవాలి. సైనికులు నలభై మందికి తగ్గకూడదు. వాళ్ళు రేషన్ షాపు దగ్గర నిలబడ్డట్టు బుద్ధిగా ఒకడి తర్వాత ఒకడొచ్చి పడిపోవాలి. రెండు కత్తులు తగిలినప్పుడల్లా నిప్పురవ్వలు రాలాలి. ఇంత శాస్త్రం తెలిసిన చైతన్యకృష్ణ జీవితంలో పట్టుకున్న ఆయుధం కత్తిపీట ఒక్కటే. అదీ ఒక్కసారే. వంకాయలు తరగబోయి వేలు తెగ్గోసుకున్నాక బిందుమాధవి దాన్ని అటక మీద పెట్టేసింది.

ఇలా ఉండగా రెండువేల ఒకటో సంవత్సరం మొదట్లో జిన్నింగు మిల్లు బుల్లయ్య గారికి కొడుకుని సినిమా హీరోని చెయ్యాలన్న బుద్ధి పుట్టింది. కొడుకు పేరు కోటేష్. అతనికి డిగ్రీ మూడుసార్లు పోయింది, నాలుగోసారి కూడా పోతే ఊళ్ళో తలెత్తుకోలేమని బుల్లయ్య గారి భయం. సినిమా పోతే ఆ తప్పు ప్రేక్షకుల మీదికి నెట్టొచ్చు, డిగ్రీ విషయంలో ఆ సౌకర్యం లేదు. ఆ రోజుల్లో అందరూ సుమోలు పేల్చే సినిమాలు తీస్తున్నారు. సుమోలు పేల్చడానికి బుల్లయ్య గారికి మనసొప్పలేదు, ఎందుకంటే అందులో ఒకటి ఆయనదే అయ్యేట్టుంది. అందుకని జానపదం తీద్దామన్నాడు. హైదరాబాదు నుంచి ఒక డైరెక్టరుని పిలిపించాడు. ఆయన పదకొండు సినిమాలకి అసిస్టెంటుగా పనిచేసి, ఆ పదకొండూ తానే తీశానని మనస్ఫూర్తిగా నమ్ముతున్న మనిషి. సినిమాకి ‘కరవాల కిశోరుడు’ అని పేరు పెట్టారు. కరవాలమంటే ఏంటని కోటేష్ అడిగితే, ముందు నువ్వు వెళ్ళి జుట్టు పెంచమన్నారు.

చైతన్యకృష్ణకి మిల్లు నుంచి కబురొచ్చింది.

“నీకు కత్తుల సంగతి బాగా తెలుసంటగా?” అన్నాడు బుల్లయ్య గారు.

“ఏదో మీ దయండి.”

“నా దయేంటయ్యా, నాకు తెలియదనేగా నిన్ను పిలిచింది. ఫైటు బాగా కుదరాలి. మావాణ్ణి చూసి ఆడాళ్ళు ఈలెయ్యాలి. నువ్వు దగ్గరుండి చూసుకో.”

అలా చైతన్యకృష్ణ కత్తియుద్ధ సలహాదారుడయ్యాడు. ఇంటికెళ్ళి ఆ మాట చెబితే బిందుమాధవి “అన్నం వడ్డించనా, సలహాలిస్తావా?” అంది.

మద్రాసు నుంచి ఫైట్ మాస్టరు, ఆయన వెంట ఎనిమిది మంది ఫైటర్లు దిగారు. చీరాలలో పెళ్ళి ఊరేగింపులకిచ్చే గుర్రాలు రెంటిని లారీలో తెచ్చారు. కోట ఎక్కడ వెయ్యాలా అని చూడ్డానికి డైరెక్టరు ఊరి బయటికెళ్ళాడు. ఫిబ్రవరి నెల. మిరపకాయలు కోసి కళ్లాల్లో ఆరబోసి ఉన్నారు. కనుచూపు మేర నేలంతా ఎర్రగా పరుచుకుని ఉంటే డైరెక్టరు జీపులోంచి సగం కిందికి దూకేశాడు.

“రక్తం! ఎంత దూరం చూస్తే అంత రక్తం! కోట వద్దు, ఏమొద్దు. క్లైమాక్సు ఇక్కడే!”

కళ్లంలో తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు మొహాలకి చుట్టుకున్న గుడ్డల్లోంచి ఆయన్ని జాలిగా చూశారు. వాళ్ళలో రెబ్కా అనే ఆవిడ కాస్త నోరున్న మనిషి.

“అయ్యా, ఇది రగతం కాదండి, మిరపకాయ. గాలొస్తే తట్టుకోలేరు” అంది.

“గాలి రాకపోతే మేమే తెప్పిస్తామమ్మా” అన్నాడు డైరెక్టరు నవ్వుతూ.

ఆ మర్నాడే నిజంగా తెప్పించారు. జనరేటరు మీద నడిచే పెద్ద ఫ్యాను, హీరో జుట్టు ఎగరడానికి. ఆ ఫ్యాను పెట్టమని సలహా ఇచ్చింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. “స్టార్ట్” అనగానే ఫ్యాను తిరిగింది. హీరో జుట్టు ఎగిరింది, దాంతోపాటు కళ్లం కూడా ఎగిరింది. ఆ తర్వాత ఏం జరిగిందో కళ్ళు తెరిచి చూసినవాడు ఒక్కడూ లేడు. దగ్గులు, తుమ్ములు, తమిళంలో తిట్లు వినిపించాయి. కోటేష్ కత్తి పారేసి చొక్కాలో తల దాచుకున్నాడు. కెమెరామన్ కెమెరాని కౌగలించుకుని ఏడ్చాడు. గుర్రాల్లో ఒకటి నిలబడ్డచోటే నిలబడి తుమ్మింది, రెండోది ఇంకొల్లు రోడ్డు పట్టుకుని వెళ్ళిపోయింది. ఉబ్బసం ఉన్న ఫైట్ మాస్టరుని చీరాల ఆసుపత్రిలో చేర్చారు. ఎనిమిది మంది ఫైటర్లు ఆయన్ని పలకరించి వస్తామని వెళ్ళి అటునుంచి అటే మద్రాసు రైలెక్కారు.

సాయంత్రం ఎర్రటి కళ్ళతో అందరూ కూర్చున్నారు.

“ఇప్పుడు కత్తి తిప్పేదెవరు?” అన్నాడు డైరెక్టరు.

అందరి చూపూ సలహాదారు వైపు తిరిగింది. చైతన్యకృష్ణ గొంతు సవరించుకుని మెట్ల గురించి ఏదో మొదలుపెట్టాడు. ఇంటికెళ్ళడానికి గంపలు సర్దుకుంటున్న రెబ్కా ఆగింది.

“బుడాన్ మావని పిలవకూడదా? పీర్ల పండక్కి కత్తి తిప్పేది ఆయనేగా. ఏటా చూస్తానే ఉంటాంగా.”

“ఏ బుడాన్?” అన్నాడు బుల్లయ్య గారు.

“మీ మిల్లులో బుడానేనండి.”

తన మిల్లులో పత్తి బేళ్ళు కట్టే బుడాన్‌కి కత్తిసాము వచ్చన్న సంగతి బుల్లయ్య గారికి ఇరవై రెండేళ్ళుగా తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరమూ రాలేదు. మనిషిని పిలిపించారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, పొట్టిగా, ఎండిన మోపులా ఉన్నాడు. కనుబొమ్మల్లో దూది ఇరుక్కుని ఉంది. విషయమంతా విన్నాడు. సినిమా కత్తి చేతికిస్తే తూచినట్టు పైకీ కిందికీ ఆడించాడు. రేకు కత్తి, మెరుగు కాయితం అంటించి ఉంది.

“దీంతో అట్టు కూడా తిరగెయ్యలేమండి” అన్నాడు.

“మీ ఇంట్లో కత్తి ఉందంటగా, అది పట్టుకురా” అన్నాడు డైరెక్టరు.

“అది పీరుదండి. సినిమాలకి రాదు.”

ఆ మాట అరిచి చెప్పలేదు. అయినా ఎవరూ రెండోసారి అడగలేదు. చివరికి కొలిమిలో రెండు ఇనపకత్తులు, పదును లేకుండా చేయించడానికి ఒప్పుకున్నారు. రెండ్రోజుల్లో అవి వచ్చాయి. విలన్ సేనాపతి వేషం బుడాన్‌కే వేశారు. ముందు ఫైటు ఎలా ఉండాలో హీరోకి చూపించమని డైరెక్టరు అన్నాడు. చూపించేది ఎవరంటే సలహాదారు, బుడాన్‌తో. చైతన్యకృష్ణ పెళ్ళిళ్ళ కెమెరాని తెచ్చి స్టాండు మీద పెట్టి, ఎర్ర లైటు వెలిగిందని ఒకటికి రెండుసార్లు చూసుకుని మరీ కళ్లంలోకి దిగాడు. తన ఘనతకి ఒక సాక్ష్యం ఉండాలని అతని ఉద్దేశం.

“బాబాయ్, నేను ఇలా పరిగెత్తుకొచ్చి పైకి ఎగురుతాను. గాల్లో ఒక చుట్టు తిరుగుతాను.”

“తిరిగినప్పుడు నీ కాళ్ళెక్కడుంటయ్?”

“గాల్లో.”

“నేనెక్కడుంటా?”

“కింద.”

“ఇంక నాకు పనేముంది అబ్బాయ్? నువ్వు దిగేదాకా ఆగి పొడుస్తా.”

కూలీ ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. చైతన్యకృష్ణకి రోషం వచ్చింది. “నువ్వు కానీయ్ బాబాయ్” అని పరిగెత్తి ఎగిరాడు. ఎగరడం అతనికి గుర్తుంది. దిగడం గుర్తు లేదు. కాళ్ళు నేలకి తగిలేసరికి గొంతు మీద చల్లగా ఇనుము ఆనింది.

అతను ఎన్నో కత్తియుద్ధాలు చూశాడు. ఒక్కదాంట్లో కూడా ఇంత నిశ్శబ్దం లేదు. ఖణేల్‌మనలేదు. రవ్వలు రాలలేదు. ఎవరూ వికటంగా నవ్వలేదు. బుడాన్ కళ్ళల్లో కోపమన్నది లేదు. బురదలో ఎక్కడ అడుగెయ్యాలా అని చూసుకునే మనిషిలా చూస్తున్నాడు. తన మెడలో ఏదో నరం టకటకా కొట్టుకుంటోందని, అది ఆగిపోయేదేనని చైతన్యకృష్ణకి ముప్పై నాలుగేళ్ళకి మొదటిసారి తెలిసింది. ఉన్నపళంగా మిరపకాయల్లో కూలబడ్డాడు.

బుడాన్ చెయ్యి ఇచ్చి లేపాడు. “ఏం కాలేదులే. మొద్దుకత్తి” అన్నాడు.

డైరెక్టరు అప్పటిదాకా నోరు తెరుచుకుని చూస్తున్నాడు. “ఇదే కావాలి! కానీ ఏం చేశావు నువ్వు? కత్తి సరిగ్గా కనపడను కూడా లేదు!”

“కత్తెందుకండీ కనపడటం? కత్తి తగిలితే ఏం పోద్దో అది కనపడాల. పీర్ల ముందర నేను తిప్పేటప్పుడు జనం నా చెయ్యి చూడరు. నా ఎదర నిలబడ్డోడి మొకం చూస్తారు.”

పదేళ్ళ ఉపన్యాసాలు మూడు ముక్కల్లో కొట్టుకుపోతుంటే చైతన్యకృష్ణ ఒంటికి అంటుకున్న మిరప గింజలు దులుపుకుంటూ నిలబడ్డాడు.

కోటేష్‌కి నేర్పడానికి బుడాన్ అయిదు రోజులు అడిగాడు. మిల్లు వెనక ఖాళీ స్థలంలో పొద్దున్నే మొదలుపెట్టేవారు. మొదటి రెండు రోజులూ కత్తి ముట్టుకోనివ్వలేదు, అడుగులే నేర్పాడు. ఆరు అడుగులు, అంతకంటే ఎక్కువ లేదు. కోటేష్ మెత్తటి మనిషి. ఎవర్నీ పల్లెత్తు మాట అనడు, ఎవరన్నా ఏమన్నా అంటే పడతాడు. ఎక్కువగా అనేది వాళ్ళ నాన్నే. ఇన్నేళ్ళలో అతనికి ఎవరూ ఏదీ నిదానంగా నేర్పలేదు, అందరూ ఒకసారి చెప్పి రెండోసారికి తిట్టారు. బుడాన్ తిట్టలేదు. తప్పుగా అడుగేస్తే “మళ్ళా” అనేవాడు, సరిగ్గా వేస్తే “ఊఁ” అనేవాడు. నాలుగో రోజుకి ఆ “ఊఁ” కోసం కోటేష్ తెల్లారకముందే వచ్చి కూర్చుంటున్నాడు. పక్కనే సలహాదారు కూడా కూర్చుని చూసేవాడు. సలహాలివ్వడం మాత్రం మానేశాడు.

షూటింగు రోజు పొద్దున ఏడింటికి గాలి లేదు. ఫ్యాను మూట కట్టి పెట్టేశారు. మిరపకాయల మీద గట్టిగా కాలు పడితే ఘాటు లేచి కళ్ళల్లోకి కొడుతుంది కాబట్టి ఇద్దరూ ఎగరకుండా, దూకకుండా, పాదాల్ని నేలకి రాసుకుంటూ కదిలారు. కాయల్లో గింజలు గలగలమంటున్నాయి. వినిపించే చప్పుడు అదొక్కటే. సినిమా కెమెరా ఒక పక్క నుంచి తీస్తోంది. చైతన్యకృష్ణ పెట్టిన పెళ్ళిళ్ళ కెమెరా ఇంకో పక్క స్టాండు మీద, ఎవరూ పట్టించుకోకుండా నడుస్తోంది.

బుడాన్ ముందుకొస్తున్నాడు. కోటేష్ వెనక్కి వెళ్తున్నాడు. మొదటి దెబ్బని అడ్డుకున్నాడు, రెండోది చెవి పక్కనుంచి పోయింది. ఆ దెబ్బ అక్కడ పడుతుందని మూడు రోజుల నుంచీ తెలిసినా, కోటేష్ మొహంలో నెత్తురు లేదు. కళ్ళ నిండా నీళ్ళు. రెప్ప వేస్తే బుడాన్ కనపడడని రెప్ప వెయ్యడం లేదు. మడమ కాయల్లో జారింది. ఒక మోకాలు నేలకానింది. పైనుంచి కత్తి దిగుతుంటే అతని నోట్లోంచి, ఎక్కడా రాసిపెట్టని మాట, సన్నగా “అమ్మా” అని వచ్చింది.

కాయలు ఏరుతున్న చేతులు ఆగిపోయాయి. రెబ్కా మొహం మీది గుడ్డ కిందికి లాగేసుకుంది. ఘాటు తగిలి దగ్గొస్తున్నా దగ్గలేదు. చైతన్యకృష్ణకి గొంతు మీద ఇనుము ఆనిన చోట మళ్ళీ చల్లగా అనిపించింది. ఆ మోకాలి మీంచే కోటేష్ ఆరో అడుగు వేశాడు. బుడాన్ చంక కిందికి దూరి, మణికట్టు మీద కొట్టాడు. పెద్దాయన కత్తి మిరపకాయల్లో పడింది. గెలిచినవాడు గెలిచినట్టు లేడు. పారిపోయి ఇల్లు చేరినవాడిలా రొప్పుతూ, కింద పడ్డ కత్తినే చూస్తూ నిలబడిపోయాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. “కట్” చెప్పడం డైరెక్టరు మర్చిపోయాడు.

ముందు మాట్లాడింది బుల్లయ్య గారు.

“ఏంటయ్యా ఇది? మావాడు భయపడ్డాడేంటి?”

“సార్, అదే సార్ అందం…”

“భయపడటం అందమా? హీరో అమ్మా అంటాడా? నా మిల్లులో బేళ్ళు కట్టేవాడు నా కొడుకుని అంతసేపు వెనక్కి నెట్టుకుపోతుంటే రేపు చీరాలోళ్ళు ఏమనుకుంటారు? కుదరదు. ఇది తీసెయ్.”

డైరెక్టరు నసిగాడు. బుల్లయ్య గారు చుట్టూ చూసి చైతన్యకృష్ణని పట్టుకున్నాడు.

“నువ్వు చెప్పవయ్యా. సలహాదారువి కదా. ఇది ఫైటేనా?”

బుడాన్ చూశాడు. కోటేష్ చూశాడు. ఆ చూపులో ఎప్పుడూ లేని ఆశ ఒకటుంది. కత్తియుద్ధం మీద అడక్కుండానే పదేళ్ళు మాట్లాడిన మనిషిని జీవితంలో మొదటిసారి ఒకరు నోరు తెరిచి అడిగారు. చైతన్యకృష్ణకి, బుల్లయ్య గారి పెదనాన్న స్థలంలోనే తన కొట్టుందని గుర్తొచ్చింది. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు ఆయన చేతుల మీదుగా జరుగుతాయని గుర్తొచ్చింది.

“అంటే… హీరో అన్నాక… మీరన్నదీ కరెక్టే అండి” అన్నాడు.

కోటేష్ తల దించుకున్నాడు. బుడాన్ కండువాతో కత్తి తుడిచి, జాగ్రత్తగా పక్కన పెట్టి, “షిఫ్టు టైమైంది, వస్తానండి” అని మిల్లుకి వెళ్ళిపోయాడు.

ఆ ఫైటు మళ్ళీ హైదరాబాదులో సెట్టు వేసి తీశారు. దసరాకి సినిమా వచ్చింది. మిల్లు కూలీలందరికీ టిక్కెట్లు కొనిచ్చారు కాబట్టి పర్చూరులో వారం ఆడింది, మిగతా చోట్ల ఆ ఇబ్బంది లేకపోయింది. మొదటి ఆటకే చైతన్యకృష్ణ వెళ్ళాడు. క్లైమాక్సు వచ్చింది. మెట్లున్నాయి. దీపాల గుత్తి ఉంది. కోటేష్ నవ్వు మొహంతో దాన్ని పట్టుకుని ఊగాడు. కత్తి జారింది, బొటనవేలితో ఎగిరింది. రవ్వలు దీపావళిలా రాలాయి. తాను పదేళ్ళు కొట్టులో కూర్చుని చెప్పినవన్నీ ఒక్కటి కూడా పొల్లుపోకుండా తెర మీద ఉన్నాయి. నలభై మంది సైనికులు ఒకడి తర్వాత ఒకడు వస్తుంటే ముందు వరసలోంచి ఎవడో “తోసుకోకండ్రా, అందరికీ దొరుకుద్ది!” అని అరిచాడు. హాలు హాలంతా పగలబడి నవ్వింది. హీరో చస్తాడేమోనని ఆ హాల్లో ఒక్కరికీ అనిపించలేదు. చివరికి చైతన్యకృష్ణకి కూడా. దీపాల గుత్తి మాత్రం బాగుందని బయటికొచ్చేటప్పుడు ఇద్దరు ముగ్గురు అనుకున్నారు.

ఆ రోజే అతను బీరువా అడుగు నుంచి పెళ్ళిళ్ళ కెమెరాలోని క్యాసెట్ తీశాడు. అంతకుముందు చూడటానికి మొహం చెల్లలేదు. తన ఘనత కోసం తీసుకున్న టేపులో మొదట ఉన్నది తాను కూలబడటమే. ఆ తర్వాత ఫైటు. బొమ్మ కాస్త పక్కకి ఒరిగి ఉంది. ఒక మూల రెబ్కా గంప అడ్డొచ్చింది. బిందుమాధవి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తల ఎత్తింది, ఎత్తిన తల దించలేదు.

అయిపోయాక “అమ్మో, ఆ అబ్బాయి చచ్చిపోతాడేమో అనుకున్నాను” అంది. “మరి సినిమాలో ఇది లేదేం?” అని అడిగింది.

“బుల్లయ్య గారు వద్దన్నారు. నన్నడిగారు. నేనూ కరెక్టే అన్నాను.”

“ఏం, మెడ మీద కత్తి పెట్టారా?”

“లేదు. మెడ మీద కత్తి పెట్టింది బుడాన్ బాబాయ్. బుల్లయ్య గారు ఊరికే అడిగారంతే.”

బిందుమాధవి చిక్కుడుకాయలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ తిట్టకుండా వెళ్ళిపోవడం అతనికి అలవాటు లేదు. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

మర్నాడు కొట్టుకి ఎవరొస్తే వాళ్ళకి ఆ టేపు వేసి చూపించాడు. ఉపన్యాసం లేదు, సిద్ధాంతం లేదు. వేసేవాడు, పక్కకి తప్పుకునేవాడు. నాలుగు రోజులకి కొట్టు ముందు సైకిళ్ళు పెట్టడానికి చోటు లేకుండా పోయింది. మిల్లు కూలీలు వచ్చి బుడాన్‌ని చూసుకున్నారు. అయిదో రోజు మధ్యాహ్నం కోటేష్ వచ్చాడు. స్టూలు మీద కూర్చుని ఒకసారి చూశాడు.

“ఇంకోసారి వెయ్యన్నా.”

వేశాడు.

“నేనేనా అన్నా అది?”

“నువ్వే. సినిమాలో ఉన్నదే నువ్వు కాదు. నేను ఆరోజు ఆ మాట చెప్పాల్సింది కోటేషూ. చెప్పలేకపోయాను.”

“నేను మాత్రం చెప్పానా ఏంటన్నా” అన్నాడు కోటేష్.

ఇంత పని జరిగాక బుల్లయ్య గారికి తెలియకుండా ఎలా ఉంటుంది? ఆ మర్నాడే జీపు దిగాడు. జనం చెదిరిపోయారు. ఆయన లోపలికొచ్చి చెయ్యి చాపాడు.

“ఆ క్యాసెట్ ఇటియ్యి.”

చైతన్యకృష్ణ క్యాసెట్ పట్టుకున్నాడు గానీ ఇవ్వలేదు.

“ఇస్తానండి. చూసి పట్టుకెళ్ళండి.”

“నేను చూశానుగా, అక్కడే ఉన్నాగా!”

“మీరు చీరాలోళ్ళు ఏమనుకుంటారా అని చూశారండి. ఒక్కసారి అబ్బాయిని చూడండి. ఆరోజు నన్నడిగితే తప్పు చెప్పాను. ఇలాంటి ఫైటు నేను ఇంతవరకూ చూడలేదండి. కొట్టు ఖాళీ చెయ్యమంటే చేస్తాను.”

బుల్లయ్య గారు తిట్టడానికి నోరు తెరిచాడు. ఈలోగా బొమ్మ మొదలైంది. ఆయన కూర్చోలేదు. నిలబడే చూశాడు. కోటేష్ మడమ జారినప్పుడు ఆయన చెయ్యి బల్ల అంచుని పట్టుకుంది. “అమ్మా” అన్న చోట పెదాలు కదిలాయి. అయిపోయినా తెర మీద చుక్కలు పడుతున్నంతసేపూ అలాగే నిలబడి, ఆ తర్వాత క్యాసెట్ తీసి జేబులో పెట్టుకుని జీపెక్కి వెళ్ళిపోయాడు.

పది రోజులు కొట్టు ఖాళీ చెయ్యమని కబురొస్తుందేమోనని చైతన్యకృష్ణ ఎదురుచూశాడు. కబురు రాలేదు. కోటేష్ వచ్చాడు.

“క్యాసెట్ మా నాన్న దగ్గరే ఉందన్నా. తలుపేసుకుని చూస్తున్నాడు. మా అమ్మ అడిగితే పత్తి రేట్లంట.”

సినిమాల మాట బుల్లయ్య గారు మళ్ళీ ఎత్తలేదు. కోటేష్ మిల్లులో కూర్చోవడం మొదలుపెట్టాడు. షిఫ్టుకి గంట ముందొచ్చి వెనక స్థలంలో బుడాన్‌తో అడుగులు వేస్తుంటే ఆపమని కూడా అనలేదు. ఆరు అడుగులు పన్నెండయ్యాయి. చైతన్యకృష్ణ కూడా వెళ్ళి నేర్పమని అడిగాడు. ఎగిరే అలవాటు పోయేదాకా రావద్దని బుడాన్ ఇంటికి పంపించేశాడు.

మార్చిలో పీర్ల పండగ వచ్చింది. కళ్లాలు మళ్ళీ ఎర్రబడ్డాయి. పొద్దువాలే వేళ డప్పులు మోగుతుంటే పీర్లు వీధిలోకొచ్చాయి. వాటి ముందు బుడాన్ కత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఏటా అతని ఎదురుగా నిలబడే తమ్ముడికి ఆ ఏడు జ్వరం. ఆ చోట కోటేష్ నిలబడ్డాడు. రేకుదీ కాదు, మొద్దుదీ కాదు. నిజం కత్తులు. చైతన్యకృష్ణ అరుగు ఎక్కి కెమెరా పెట్టి, కత్తుల మీద కాకుండా మొహాల మీద తిప్పాడు. ఒక మొహం దగ్గర అతని చెయ్యి ఆగిపోయింది. జనం వెనక, జీపు పక్కన, ఎవరూ చూడటం లేదనుకుని బుల్లయ్య గారు మునివేళ్ళ మీద లేచి నిలబడి ఉన్నాడు.

బుడాన్ ముందుకొచ్చాడు. కోటేష్ వెనక్కి తగ్గాడు. రెండో దెబ్బ చెవి పక్కనుంచి పోయేసరికి బుల్లయ్య గారికి పరువూ మర్యాదా ఏవీ గుర్తుకు రాలేదు.

“ఒరేయ్ బుడానూ! మెల్లగారా! నాకు ఒక్కడేరా!” అని వీధి అదిరేట్టు అరిచాడు.

జనమంతా వెనక్కి తిరిగి చూశారు. బుడాన్ మాత్రం కోటేష్ మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

“మీరు కాసేపు మాట్లాడకండి బుల్లయ్య గారూ.”